పీత కోసం కట్టిన దేశం పెట్టె

మా అమ్మమ్మ ఒకసారి సొరచేప చెంప పగలగొడితే దాని పళ్లన్నీ రాలిపోయి, ఆ రోజు నుంచి అది నాచు తిని బతుకుతోంది. నమ్మనివాళ్లు సముద్రంలోకి దిగి దాన్నే అడగవచ్చు. ఆవిడని అడిగే సాహసం మాత్రం చేయకండి. ముప్పై ఎనిమిదేళ్లు చేపల మార్కెట్టులో మొద్దు ముందు కూర్చుని తలలు నరికిన మనిషి. చూసే చూపులోనే ఎక్కడ కోయాలో కొలత ఉంటుంది. మా తాత బతికున్నన్నాళ్లూ ఆవిడతో ఒక్కసారి కూడా వాదించలేదు. అది తన మంచితనమని చెప్పుకునేవాడు, పాపం.

మార్కెట్టులో అందరూ ఆవిడని కత్తి పెద్దమ్మ అంటారు. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఎండలో మెరుస్తుంటాయి. బేరం ఆడేవాళ్లకి మాటతో సమాధానం చెప్పదు. కత్తి ఎత్తి చేప మెడ మీద ఒక్కటి వేస్తుంది. బేరం తెగిపోతుంది.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. పేరు సంగతి ఎలా ఉన్నా అందరూ పీత అనేవారు. పట్టుకుంటే వదలడు, కోపం వస్తే కొరుకుతాడు. అమ్మమ్మ కుడి భుజం మీద చిన్నప్పటి వాడి పళ్ల గుర్తు ఇప్పటికీ ఉంది. పీత ఎక్కిన పడవ ఒకసారి తుఫానులో దారి తప్పి పక్క దేశపు నీళ్లలోకి పోయింది. ఆ తర్వాత దాని చెక్క ముక్క కూడా ఒడ్డుకి రాలేదు. ఎనిమిదేళ్లు గడిచాయి. అందరూ పోయాడనుకున్నారు. అమ్మమ్మ అవునూ అనలేదు, కాదూ అనలేదు. తమ్ముడి ఊసు ఎత్తినవాళ్ల చేపని మాత్రం రెండు దెబ్బలు ఎక్కువ వేసి ముద్ద చేసి ఇచ్చేది.

ఒక పొద్దున ఆ పడవలో వంట చేసినవాడు మార్కెట్టులోకి నడిచి వచ్చాడు. కుడి చెవి లేదు. నేరుగా మొద్దు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పీత బతికే ఉన్నాడు పెద్దమ్మా."

కత్తి మొద్దులో దిగబడిపోయింది. అమ్మమ్మ దాన్ని పీకలేదు.

"చెప్పు."

"గస్తీ ఓడ నేరుగా వచ్చి గుద్దింది. పడవ రెండు ముక్కలైంది. ఈదుతున్నవాళ్లలో ఇద్దర్ని నీళ్లలోనే కాల్చేశారు. మా ఇద్దర్నీ జుట్టు పట్టుకుని పైకి లాగారు. లాగినవాడి చెయ్యి పీత కొరికేశాడు. వాడు తుపాకీ మడమ తిప్పి నెత్తి మీద కొట్టాడు."

"ఎన్ని దెబ్బలు?"

"నేను లెక్కపెట్టలేదు పెద్దమ్మా. వాడు ఆగేదాకా కొట్టాడు. అప్పటి నుంచి పీతకి మాట లేదు. పేరు అడిగితే చూస్తాడు. తన్నితే చూస్తాడు. నేను ఊరూ పేరూ చెప్పగలిగాను కాబట్టి ఇన్నాళ్లకి నన్ను వదిలారు. వాడికి పుస్తకంలో దేశం తెలియనివాడు అని రాసి పడేశారు."

"నువ్వు చెప్పలేకపోయావట్రా వాడెవడో?"

"చెప్పాను. ఖైదీ సాక్ష్యం చెల్లదన్నారు."

"ఫొటో పంపితే?"

వంటవాడు తల దించుకున్నాడు. "ఫొటోలో ఉన్న ముఖం ఇప్పుడు వాడికి లేదు."

అమ్మమ్మ లేచి, చెవి ఉన్న వైపు చూసి, చెంప మీద ఒక్కటి కొట్టింది. వాడు పక్కనున్న రొయ్యల బుట్టలో పడ్డాడు.

"వాణ్ణి అక్కడ వదిలేసి నువ్వెలా వచ్చావురా?"

వాడు రొయ్యల్లోనే కూర్చుని ఏడ్చాడు. అమ్మమ్మ ఆ రోజు వచ్చిన చేపల్లో అన్నిటికంటే పెద్దది తీసి వాడి ఒళ్లో పడేసింది. "తీసుకెళ్లి మీ అమ్మకి వండి పెట్టు," అంది. ఆవిడ క్షమాపణ చెప్పడం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. కూరకి పనికొస్తుంది.

చేపలవాళ్ల సంఘం గుమాస్తా నాలుగు ఆఫీసులు తిరిగి ఒక ఉత్తరం తెచ్చాడు. నెల తర్వాత సరిహద్దు దగ్గరి హాలులో రెండు దేశాల అధికారులు కూర్చుంటారు. ఇదే ఆఖరి విచారణ. ఇందులోనూ దేశం తేలనివాళ్లని లోపలెక్కడో ఉన్న పిచ్చాసుపత్రికి పంపేస్తారు. అక్కడికి పోయినవాళ్ల పేర్లు మళ్లీ ఏ జాబితాలోకీ రావు.

గుమాస్తా కళ్లజోడు సవరించుకుని షరతులు చదివాడు. మార్కెట్టంతా చుట్టూ మూగింది.

"ఖైదీకి స్వదేశాన్ని గుర్తుచేసే కానుకల పెట్టె ఒకటి బంధువు తేవచ్చును. రెండు కిలోలు మించరాదు. ఇనుము, గాజు, రాసిన కాగితం ఉండరాదు. వస్తువులు చవకవై ఉండవలెను. ఖరీదైనవి దారిలో మాయమైన యెడల మా పూచీ లేదు. విచారణ జరిగినంతసేపూ బంధువు నోరు తెరవరాదు. తెరిచిన యెడల కేసు మూసివేయబడును."

ఐసు దిమ్మలు అమ్మే మనిషి పెద్దగా నిట్టూర్చాడు. "అయితే పీత రానట్టే వదినా. నువ్వు నోరు మూసుకోవాలట!"

అమ్మమ్మ చేతికి దొరికిన చేపని తోక పట్టుకుని విసిరింది. అది ఐసు మనిషి పెదవి చీల్చింది. అయినా వాడు రక్తం తుడుచుకుంటూ నవ్వాడు. ముప్పై ఏళ్లుగా ఆ చేతి దెబ్బలు తింటున్నవాడు, అలవాటు.

ఆ వారమంతా అమ్మమ్మ మొద్దు పక్కన ఒక చెప్పుల అట్టపెట్టె తెరిచి పెట్టింది. దేశం తెచ్చినవాళ్లు తెచ్చినట్టు అందులో వేయాలన్నమాట. ఐసు మనిషి కాగితపు జెండా తెచ్చాడు. గుమాస్తా ఊళ్ల పేర్లు లేని రబ్బరు దేశపటం తెచ్చాడు. ఒకామె జెండా రంగుల ప్లాస్టిక్ బూర తెచ్చింది. ఇంకొకామె పొట్లం కట్టి మట్టి తెచ్చింది.

అమ్మమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. "ఇది మన మురిక్కాలవ పక్క మట్టి కదే! ఇది చూస్తే వాడు తనంతట తానే పిచ్చాసుపత్రికి పోతానంటాడు."

"మాతృభూమి వదినా, అలా అనకు," అన్నాడు ఐసు మనిషి.

"నీ మొహం. వాడెప్పుడైనా జెండా చూసి లేచి నిలబడ్డాడా? దేశపటంలో ఊరెక్కడుందో మనకే తెలియదు, వాడికేం తెలుసు?"

అయినా అన్నీ పెట్టింది. తన వంతుగా వాడు నమిలే చవకరకం పొగాకు కాడ ఒకటి, గళ్ల తువ్వాలు ఒకటి వేసింది. పెట్టెలో ఉన్నవన్నీ ఒకసారి అటూ ఇటూ కదిపి చూసింది. తర్వాత ఇంటికి వెళ్లి, పెరటి తలుపుకి కట్టి ఉన్న తాడు ముక్క విప్పుకొచ్చి అన్నిటి మీదా చుట్ట చుట్టి పెట్టింది.

అది వాళ్ల నాన్న తాడు. రెండు మూరల పొడుగు, చివర మూడు ముడులు. ఆయన దాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి బిగుసుకుపోయేలా చేసేవాడు. కొట్టేముందు నేల మీద ఒక్కసారి ఠప్పున వేసేవాడు. అది పిలుపు. ఆ చప్పుడు వినగానే పిల్లలిద్దరూ వచ్చి గోడకి మొహం పెట్టి నిలబడాలి. తర్వాత మూడు ముడులూ వీపు మీద మూడు చోట్ల దిగేవి. ఒక్కోసారి చొక్కా వీపుకి అంటుకుపోయి, నీళ్లు పోసి నానబెడితే గానీ ఊడేది కాదు. అమ్మ అడ్డం వస్తే ఆమెకీ పడేవి. ఎక్కువ పడేది తమ్ముడికే. వాడు పారిపోడు, పట్టుకుని కొరుకుతాడు, అందుకని ఇంకా పడేవి. ఆ మనిషి చచ్చిపోయాక అమ్మమ్మ ఆయన చొక్కాలు తగలబెట్టింది. తాడు మాత్రం గట్టిదని తలుపుకి వాడుకుంది. డబ్బు విషయంలో ఆవిడ కోపాలు పెట్టుకోదు.

పెట్టెలోకి తొంగిచూసిన ఐసు మనిషి మొహం మాడిపోయింది. "దేశాన్ని గుర్తు చెయ్యమంటే ఇదా పెట్టేది?"

"వాడికి ఇక్కడ రోజూ దొరికింది ఇదొక్కటే," అంది అమ్మమ్మ. "జెండా ఏడాదికొకసారి."

సరిహద్దు హాలు పాత గోడౌనులా ఉంది. గుమ్మం దగ్గర కాపలావాడు పెట్టెని ఇనుప చువ్వతో నాలుగు పోట్లు పొడిచాడు. బూర పగిలింది. తాడు చూడగానే బయటికి లాగాడు. ఖైదీలు ఉరిపోసుకుంటారట, తాళ్లు కుదరవట. తన భుజం మీద వేసుకుని అమ్మమ్మని బల్ల మీద కూర్చోబెట్టి పక్కనే నిలబడ్డాడు. అమ్మమ్మ నోరు తెరవబోయి, షరతు గుర్తొచ్చి, కింది పెదవి పళ్ల మధ్య ఇరికించుకుంది.

పీతని తీసుకొచ్చారు. తల ఒకవైపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ముక్కు ఎటో తిరిగింది. ముందు పళ్లు లేవు. చీలమండల చుట్టూ గొలుసు రాసిన పుండ్లు. అమ్మమ్మ ఆ నడకని బట్టి పోల్చుకుంది, ముఖాన్ని బట్టి కాదు. వాడు ఆవిడని దాటుకుని పోతూ గోడని చూసినట్టే చూశాడు.

మన అధికారి ఒక్కో వస్తువూ తీసి వాడి ముందు పెట్టాడు. జెండా. చూశాడు. దేశపటం. చూశాడు. మట్టి పొట్లం విప్పారు, కొంచెం నేల మీద ఒలికింది. పొగాకు కాడ ముక్కు దగ్గర పెట్టారు. తువ్వాలు భుజాన వేశారు, జారి పడింది. వంగి తియ్యలేదు.

అవతలి దేశపు అధికారి గడియారం చూసుకుని, "ఇంకేమన్నా ఉందా?" అని తన భాషలో అడిగాడు. మన అధికారి ఖాళీ పెట్టెని బోర్లించి చూపించాడు. అవతలాయన కలం మూత తీసి కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడు అమ్మమ్మ లేచింది. షరతుల్లో నోటి మాటే ఉంది, చేతుల మాట లేదు. కాపలావాడి భుజం మీది తాడు లాగింది. వాడు తిరిగేలోగా వాడి మోకాలి మీద కాలితో ఒక్కటి తన్ని, రెండంగల్లో తమ్ముడి వెనక్కి వెళ్లి, తాడుని నేల మీద ఠప్పున వేసింది.

పీత భుజాలు పైకి లేచాయి.

చెయ్యి మళ్లీ ఎత్తి, ముప్పై ఎనిమిదేళ్లు చేపలు నరికిన బలమంతా పెట్టి వాడి వీపు మీద కొట్టింది. ఖైదీ చొక్కా చిరిగింది. అదే క్షణంలో కాపలావాడి లాఠీ ఆవిడ కనుబొమ్మ మీద పడింది. ఎముక కనపడేంత చీలింది. ఆవిడ పడిపోలేదు. కంట్లోకి రక్తం కారుతుండగా ఇంకో దెబ్బ వేసింది. లాఠీ ఈసారి మణికట్టు మీద పడింది. విరిగిన చప్పుడు హాలంతా వినబడింది.

పీత నేల మీద ముడుచుకుపోయి రెండు చేతులతో తల కప్పుకున్నాడు. వాడి నోట్లోంచి ఎనిమిదేళ్ల తర్వాత మాట వచ్చింది. పళ్లు లేని నోరు, అయినా హాలులో ప్రతి ఒక్కరికీ వినబడింది.

"తెడ్డు అక్క విరగ్గొట్టింది నాన్నా! నేను కాదు! ఒట్టు, అక్కే విరగ్గొట్టింది!"

లాఠీ గాలిలో ఆగిపోయింది. మన అధికారి కుర్చీలోంచి లేచాడు. "మావాడే," అన్నాడు. "రాయండి. మావాడే."

అవతలి అధికారికి భాష అర్థం కాలేదు గానీ, అబద్ధమో నిజమో చెప్పి దెబ్బలు తప్పించుకునే పిల్లాడి గొంతు ఏ దేశంలోనైనా తెలుస్తుంది. కాసేపు కలం ఆడించి, సంతకం పెట్టాడు.

సంతకం పడటం చూశాకే అమ్మమ్మ నోరు తెరిచింది. "ఒరేయ్ దరిద్రుడా! నలభై ఐదేళ్లయినా ఇంకా నా మీదే చెబుతున్నావా!"

వాడు చేతుల సందులోంచి చూశాడు. రక్తంతో తడిసిన ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావు?"

ఆవిడ తాడు కింద పడేసి, మంచి చేత్తో వాడి జుట్టు పట్టుకుని, తల తన పొట్టకి ఆనించుకుంది. విడదీయడానికి వచ్చిన కాపలావాడి వేలిని పీత కొరికాడు. పళ్లు లేవు కాబట్టి కాపలావాడు బతికిపోయాడు.

పీత ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లోనే ఉంటాడు. వలలు బాగుచేస్తాడు. ఏదన్నా పెద్దగా చప్పుడైతే గోడకి మొహం పెట్టి నిలబడతాడు. అమ్మమ్మ వెళ్లి భుజం పట్టుకుని ఇటు తిప్పి, "ఎవరూ లేరురా," అంటుంది. తర్వాత ఇద్దరూ ఉప్పు దగ్గరో, చాప దగ్గరో పోట్లాడుకుంటారు. ఆవిడ మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో కత్తి పట్టలేక ఎడమచేత్తో నరకడం నేర్చుకుంది. ఆ చేతికి గురి తక్కువ, అందుకని కొనేవాళ్లు ఇంకాస్త దూరంగా నిలబడతారు.

ఇదంతా రాసి మొద్దు దగ్గరే ఆవిడకి చదివి వినిపించాను. చేప కడుపు చీల్చి పేగులు బయటికి లాగుతూ విన్నది. ఒక్క సంగతి మిగిలిపోయిందని అడిగాను.

"ఇంతకీ ఆ తెడ్డు ఎవరు విరగ్గొట్టారు అమ్మమ్మా?"

"నేనే. రాసుకుని పో. వాడికి గానీ చదివి వినిపించావో, నీ వేళ్లు ఈ మొద్దు మీద ఉంటాయి."