కలిదిండి కాలువా, కరీముల్లా గారూ

ఎండిన చేపల చెరువు మీద తొలి వాన పడగానే లేచే ఆ నీచు కలిసిన మట్టి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు విసుగే వస్తుంది. తర్వాత కరీముల్లా గారు గుర్తొస్తారు. మొన్న పెదపాడు దగ్గర బస్సు కిటికీలోంచి ఆ వాసన రాగానే అలాగే అయింది.

ఏలూరులో, వాచీలు బాగుచేసే కొట్టు పైన, రెండు గదుల ఆఫీసు ఆయనది. ఎక్కడైనా ఫ్యాక్టరీయో రోడ్డో వస్తుంటే, దానివల్ల చుట్టుపక్కల నేలకూ నీటికీ ఏమవుతుందో చూసి రిపోర్టు రాసివ్వడం మా పని. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వెళ్లే నాకు అది మొదటి ఉద్యోగం. అంత విసిగించిన మనిషిని మళ్లీ చూడలేదు. “కొన్ని పక్షులు” అని రాస్తే, “ఎన్నమ్మా? ఏవమ్మా?” అంటూ తిప్పి పంపేవారు.

కలిదిండి వైపు పాడుబడ్డ చేపల చెరువులు పూడ్చి సోలార్ ప్లాంటు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. పెట్టుబడిదారులు అడిగారు కాబట్టి వాళ్లకు రిపోర్టు కావాలి, అదీ నెలలోపు. మే ఎండలో తిరిగి నేనే రాశాను: పొగ రాదు, చప్పుడుండదు, పక్కనున్న కాలువలో పారుదల లేదు. ఆయన చదివి, సంతకం పెట్టకుండా పక్కన పెట్టారు.

“మే నెలలో ఏ కాలువ పారుతుందమ్మా? వానలు పడ్డాక మళ్లీ వెళ్దాం.”

“అప్పటిదాకా కంపెనీ ఆగదండీ. అయినా ఇది సోలారండీ, బొగ్గు కాదు కదా!”

“సోలారు మంచిదేనమ్మా. ఎక్కడ పెడుతున్నారన్నదే కదా మనల్ని చూడమన్నది.”

నాకు ఒళ్లు మండింది. కంపెనీ మేనేజరు రోజూ ఫోన్ చేసి కేకలేసేది నన్ను. ఈయన ఫోనే ఎత్తేవారు కాదు.

జూలైలో మోకాటి లోతు బురదలో నడిపించారు. నా చెప్పొకటి బురదలోనే ఉండిపోయింది. పారుదల లేదని నేను రాసిన కాలువ గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. బాతులు మేపుతున్న ఒకావిడను ఆయన పలకరించారు.

“ఏవండీ, ఈ నీళ్లెక్కడివండీ?”

“పైన మా వరి చేలవేనండీ. ఈ చెరువుల మీదుగా పొర్లి కొల్లేట్లోకి పోతాయి. ఇయ్యి పూడిస్తే మా చేలు మునిగిపోతాయండీ. ఎండల్లో వచ్చినోళ్లు మమ్మల్ని ఏమీ అడగలేదండీ.”

ఎండల్లో వచ్చింది నేనే. అది తెలిసి కూడా ఆయన నా వైపు చూడలేదు. తిట్టినా అంత తగిలేది కాదు.

కాలువ వైపు చెరువులు వదిలేసి మిగతా చోట ప్లాంటు పెట్టుకోవచ్చని తిరగరాశాం. కంపెనీ దాన్ని పక్కన పడేసి, ఇంకెవరితోనో వారంలో రాయించుకుంది. చెరువులన్నీ పూడ్చింది. మరుసటి వానలకు నాట్లు ఊడ్చిన చేలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నారు కుళ్లిపోయింది.

“నేను ముందే చెప్పానుగా” అని ఆయన అనుంటే నాకు తేలికయ్యేది. అదేమీ అనకుండా, మా పాత రిపోర్టూ ఫొటోలూ సంచిలో పెట్టుకుని ఆ రైతులతో ఆఫీసుల చుట్టూ తిరిగారు. వెంట నన్నూ తిప్పారు. ఒక్కో చోట అధికారులు మమ్మల్ని గంటలు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టేవారు. చివరికి అధికారులు గట్టిగా చెప్పాక కంపెనీ రెండు వరసల సోలార్ పలకలు తీసేసి నీటికి దారి తవ్వింది. ఆ ఏటి పంట మాత్రం తిరిగి రాలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఏ రిపోర్టు రాసినా, పంపే ముందు ఆ ఊరు వెళ్లి, అక్కడి వాళ్లను కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపిస్తాను. నా కింద పనిచేసేవాళ్లు విసుక్కుంటారు. నాకూ విసుగే. కానీ ఇప్పటిదాకా ఒక్కసారైనా, తప్పు దిద్దించుకోకుండా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.