బాబా ముక్కు, ఏడో నంబరు జాడీ

ఆ లోయలో ఫెన్యా హోర్కాఫ్‌ను చిన్నాపెద్దా అందరూ బాబా అనే పిలుస్తారు. బాబా అనగానే గడ్డమూ విభూతీ వెతుక్కోకండి. వాళ్ళ రష్యన్ మాటలో బాబా అంటే మామ్మ. తాతముత్తాతలు సముద్రం దాటి కెనడా వచ్చి నూరేళ్ళు దాటినా బోర్ష్ పులుసూ, పెరట్లో ఆవిరిస్నానాల బాన్యా గదీ, ఈ పిలుపూ మాత్రం వాళ్ళను వదల్లేదు.

డెబ్భై ఒక్క ఏళ్ళ ఈ మామ్మ, ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. బస్సెక్కిన పిల్లల్లో ఎవరింట్లో రాత్రి ఉల్లిరొట్టె కాల్చారో, ఎవడు సీటు కింద సిగరెట్టు దాచాడో అద్దంలోకి చూడకుండా చెప్పేసేది. ఒకసారి కొండ దిగుతుంటే ఉన్నట్టుండి బస్సు పక్కకు లాగి ఆపేసి, "దిగండి, దిగండి, బ్రేకు కాలుతోంది!" అని ఇరవై ఇద్దరు పిల్లల్నీ దింపేసింది. ఆఖరివాడు దిగాక గానీ చక్రంలోంచి పొగ రాలేదు. ఆనాటి నుంచి లోయలో ఏ అనుమానం వచ్చినా "బాబా ముక్కుకు చూపించు" అనడం మామూలైపోయింది.

అంతటి ముక్కూ రెండేళ్ళ కిందట ఒక మాయదారి జ్వరంలో చచ్చి ఊరుకుంది. జ్వరం పోయింది, వాసన తిరిగి రాలేదు. "రావచ్చు, రాకపోనూ వచ్చు. రోజూ ఏదో ఒకటి వాసన చూస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు. ఫెన్యా రోజూ పొద్దున్నే సోయకూర, వెల్లుల్లి వేసి తను పెట్టిన దోసకాయ ఊరగాయ జాడీ మూత తీసి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చేది. చల్లటి గాలి తప్ప ఏమీ తెలిసేది కాదు. మూత పెట్టేసి కాఫీ కాచుకునేది. ఈ సంగతి నరమానవుడికి చెప్పలేదు. ముక్కు పోయిన బాబాను ఇంక బాబా అని ఎవరంటారు? అదీ ఆమె భయం. ఎవరైనా రొట్టె తెచ్చి చూపిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని "ఆహా!" అనేది. నటనలో ఆరితేరిపోయింది.

అలాంటి మనిషిని పక్కింటి పెత్రో మకోర్తాఫ్ గిల్లాడు. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని ప్రభుత్వం అన్నాక, ఏటా సెప్టెంబరులో ఊళ్ళో జరిగే పంటల, వంటల పోటీ ప్రదర్శనలో గుమ్మడికాయల బల్ల పక్కనే ఇంట్లో పండించిన గంజాయికీ ఒక బల్ల వేశారు. పొగ తాగి చూడడం ఉండదు. కంటితో చూస్తారు, వేళ్ళతో నొక్కుతారు, ముక్కుతో తేలుస్తారు. పోలీసులకు దొరక్కుండా నలభై ఏళ్ళు కొండల్లో సాగు చేసిన పెత్రోకు నిరుడు మొదటి బహుమతి, ఎర్ర రిబ్బను, వచ్చింది. ఇక చూస్కోండి, ఆ మనిషి కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఊరగాయలదేముంది బాబా, ఉప్పూ వెనిగరూ కొలిచి పోస్తే అవే ఊరతాయి. దీనికి ముక్కుండాలి, ముక్కు!" అన్నాడు అందరి ముందూ.

తమాషాకే అన్నాడు, పాపం. అతనికేం తెలుసు? ఫెన్యాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

"వచ్చే ఏడు ఆ ఎర్ర రిబ్బను నా వంటింట్లో వేలాడకపోతే నా పేరు ఫెన్యా కాదు!" అనేసింది. అన్నాక ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఓసి నా నోరో!" అని తల పట్టుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదావిడ.

మే నెలలో నాలుగు మొక్కలు వేసింది. చెడ్డవాణ్ణి తులసివనంలో గంజాయి మొక్క అని మనవాళ్ళు తిడతారు కదా, ఫెన్యా తోటలో అది తిట్టు కాదు, ఒక వరుస. ఒక పక్క సోయకూర, ఇంకో పక్క టమోటాలు, మధ్యలో ఇవి. తొందరగా పూసే రకం కావడంతో జులై ఆఖరుకు మొగ్గలు బొద్దుగా, జిగురు జిగురుగా తయారయ్యాయి.

అసలు కథ కోసిన తర్వాతే మొదలవుతుంది. గబగబా ఎండబెడితే పరిమళం ఎగిరిపోయి ఎండుగడ్డి కంపు మిగులుతుంది. నిదానిస్తే బూజు పడుతుంది. లైబ్రరీ పుస్తకంలో ఇది చదివి ఫెన్యా బాన్యా గది ఖాళీ చేసింది. దుంగల గోడలు, వాగు ఒడ్డు, వేసవిలో నిప్పు రాజెయ్యరు కాబట్టి చల్లగా చీకటిగా ఉంటుంది. తాళ్ళు కట్టి కొమ్మలను తలకిందులుగా వేలాడదీసింది. పెత్రో కంచె మీంచి చూసి పగలబడి నవ్వాడు.

"ఆవిరి గదిలో ఆరబెడతావా? రేపు వాగులో బట్టలారేస్తావేమో!"

"ఆవిరి పెడితేనే అది ఆవిరి గది. నీ పని నువ్వు చూసుకో!"

"నా పని ఎప్పుడో అయింది. రేకుల షెడ్డు, పెద్ద ఫ్యాను. నాలుగే నాలుగు రోజులు!"

ఫెన్యాకు పదకొండు రోజులు పట్టింది. ముక్కు లేదు కాబట్టి చెవులు పెట్టింది. రోజూ ఒక పుల్ల చెవి దగ్గర పెట్టుకుని వంచేది. అది వంగితే ఇంకా పచ్చి. పదకొండో రోజు పొద్దున పుల్ల చిటుక్కుమంది. ఆ చప్పుడుకు ఆవిడ బాన్యాలో ఒక్కర్తే చప్పట్లు కొట్టింది!

ఆకులు కత్తిరించి మొగ్గలను గాజు జాడీల్లోకి ఎత్తింది. రోజుకు రెండుసార్లు మూత తీసి లోపలి గాలి వదలాలి. పసిబిడ్డకు పాలుపట్టి తేన్పు తీయించినట్టు ఆవిడ ఒక్కో జాడీనీ పలకరించేది. "ఏమ్మా, ఊపిరాడుతోందా?" తేమ చూసే చిన్న మీటరు లోపల పెట్టింది. అది ఉండాల్సిన అరవై దగ్గరే కదలకుండా నిలబడింది. కంటికి బాగుంది, వేలికి బాగుంది. జాడీలను మాత్రం మరిగే నీళ్ళతో కడిగింది గానీ, మూతల దగ్గర పొదుపు చేసింది. ఊరగాయకైతే ఏటా కొత్త మూతలు వాడాలి. దీనికెందుకులే, బిగిస్తే చాలు కదా అని డబ్బా నిండా ఉన్న పాత ఊరగాయ మూతలు తీసి, కడిగి, తుడిచి పెట్టేసింది. ఆ మూతల రబ్బరు అంచు ఎన్నేళ్ళ ఊరగాయను పీల్చుకుందో ముక్కున్న మనిషికైతే మొదటి రోజే తెలిసేది.

ఒక సాయంత్రం పెత్రో టమోటాల వంకతో వచ్చాడు.

"వాసనెలా ఉంది బాబా?"

"అదిరిపోయింది!"

"ఏదీ, ఒక్కసారి మూత తియ్యి."

"పోటీ రోజున చూద్దువుగానిలే, పో!" అంటూ జాడీని చంకలో దాచుకుంది. చూపిస్తే ఇదేం వాసన బాబా అని అడుగుతాడు, తను ఏం చెప్పాలి? అందుకే దాచింది. చెప్పగలిగిన ఒక్క మనిషినీ అలా గడప దాటించేసింది.

ప్రదర్శన రోజున హాలు కిటకిటలాడింది. నిరుడు చాటున తీర్పు చెప్పారని గొడవ జరగడంతో, ఈసారి ఈ బల్ల దగ్గర తీర్పు అందరి ముందే జరగాలని పట్టుబట్టారు. తాడు కట్టారు. పేర్లు లేవు, నంబర్లే. ఫెన్యాది ఏడు. జడ్జి క్రిస్టా డాల్‌గ్రెన్, నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు బాబా బస్సులో ముందు సీట్లోనే రెండుసార్లు వాంతి చేసుకున్న పిల్ల. ఫెన్యా తాడు పట్టుకుని నిలబడింది.

క్రిస్టా ఏడో జాడీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. "అబ్బ, ఎంత అందంగా ఉన్నాయో!" ఒక మొగ్గ తీసి నొక్కింది. "సరిగ్గా ఆరింది. దీన్ని మించింది ఇవాళ లేదు." జనం గుసగుసలాడారు. పెత్రో ముఖం మాడింది. ఫెన్యాకు ఎర్ర రిబ్బను కళ్ళ ముందు ఊగింది.

క్రిస్టా జాడీలో ముక్కు పెట్టింది. తీసింది. కనుబొమలు ముడిచి మళ్ళీ పెట్టింది.

"ఇదేంటి... వెల్లుల్లి వాసనొస్తోందే? వెల్లుల్లీ, ఇంకా..."

పెత్రో తాడు మీంచి వంగి ఒక్క పీల్పు పీల్చి గొల్లుమన్నాడు. "ఊరగాయే! బాబా, గంజాయి తెమ్మంటే ఊరగాయ తెచ్చావా?"

హాలంతా నవ్వు. ఫెన్యా తాడు కింద నుంచి దూరి వెళ్ళి "ఇలా తే!" అని జాడీ లాక్కుంది. రెండేళ్ళుగా ఎలా నటిస్తోందో అలాగే నటించి, అంతా బాగానే ఉంది, నీ ముక్కుకే జలుబు అని దబాయించాలని ఆమె ఎత్తు. జాడీలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

సోయకూర!

ఆమె మళ్ళీ పీల్చింది. సోయకూర. వెల్లుల్లి. ఆ రెండిటి వెనకాల సన్నగా, సిగ్గుపడుతూ, నిమ్మతొక్కా దేవదారు జిగురూ కలిసిన పచ్చటి వాసన ఒకటి. తన మొక్కలది. ఇన్నాళ్ళూ చెవితో విని పెంచిన వాటి వాసన.

"వస్తోంది!" అని అరిచింది. "సోయకూర వస్తోందే!"

"అవును బాబా, నేనూ అదే అంటున్నా. అది తప్పు కదా మరి," అంది క్రిస్టా ఇబ్బందిగా.

"తప్పేంటే పిచ్చిమొహమా, నాకు వాసనొస్తోందే! రెండేళ్ళయిందే నా ముక్కు చచ్చి! ఎవ్వరికీ చెప్పలేదే!"

నిరుడు తనేమన్నాడో పెత్రోకు అప్పుడు గుర్తొచ్చింది. ఫెన్యా కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. జాడీ పట్టుకునే రొట్టెల బల్ల దగ్గరికి పరుగెత్తింది. "కొంచెం తెలుస్తోంది!" తేనె బల్ల దగ్గర, "ఉహుఁ, ఇది రావట్లేదు!" పెత్రో చొక్కా పట్టుకుని లాగి వాసన చూసి, "ఒరేయ్, నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళయిందిరా?" అంది. ఆ మాటకు హాలు హాలంతా చప్పట్లు కొట్టింది.

ఏడో నంబరుకు రిబ్బను రాలేదు. ఎలా వస్తుంది? ఎర్ర రిబ్బను మళ్ళీ పెత్రోకే. అది తీసుకుని అతను నెమ్మదిగా ఫెన్యా దగ్గరికి వచ్చాడు. తల వంచుకుని తన జాడీ మూత తీసి ఆమె ముక్కు ముందు పెట్టాడు.

"తప్పయింది బాబా, అప్పుడు నేనన్నది. ఇదిగో, చూడు. ఎలా ఉందో నువ్వే చెప్పు."

ఫెన్యా కళ్ళు తుడుచుకుంది. ముక్కు పెట్టింది. చాలాసేపు పీల్చింది. మొహమాటపడింది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"అడుగున ఎండుగడ్డి వస్తోందిరా. నాలుగు రోజులకే దించేశావు."

పెత్రో రిబ్బను జేబులో కుక్కుకుని, ఆ మాట నిజమో కాదో చూడడానికి తన జాడీలో తనే ముక్కు పెట్టాడు.