బ్రేకు లేని బండి

మా నరసరావుపేటలో హెల్మెట్టుకి ఒక పద్ధతుంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుంటాం. పోలీసులు నిలబడే సెంటరు కనపడగానే తలకెక్కిస్తాం. అది దాటగానే మళ్లీ ట్యాంకు మీదికి దించేస్తాం. ఈ విద్యలో నన్ను కొట్టినవాడు లేడు. హ్యాండిల్ వదలకుండా, ఒక్క చేత్తో చేసేవాణ్ణి. పైగా నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఏటా రోడ్డు భద్రత గురించి ప్రార్థనలో పిల్లలకి స్పీచ్ ఇచ్చేదీ నేనే. సిగ్గులేని జన్మ.

మా ఆవిడ వేరే రకం. మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం కూడా చివరిదాకా చదివితే గానీ మాత్ర మింగదు. "అంత చదివే ఓపికుంటే కలెక్టరయ్యేదానివే" అని ఎగతాళి చేస్తుండేవాణ్ణి.

మొన్న ఎండాకాలం మాచర్లలో మా తోటి మాస్టారింట్లో ఫంక్షన్‌కి బండి మీద వెళ్లాం. భోజనాలయ్యాక, ఇంతదూరం వచ్చాంగా, సాగర్ చూసిపోదామన్నాను. అక్కడ నీళ్ల మీద స్కూటర్ లాంటి బండ్లు తిప్పుతున్నారు. చూడగానే నాకు చేతులు దురద పెట్టాయి.

బండ్ల దగ్గరున్నాయన నది అవతలి ఊరివాడు, నా వయసే ఉంటుంది. "నేను నడుపుత సారూ, మీరు ఎన్క కూసోండ్రి" అన్నాడు.

"ముప్పై ఏళ్ల నుంచి బండి నడుపుతున్నానయ్యా. నాకు నేర్పుతావా?" అన్నాను.

పాపం, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. లైఫ్ జాకెట్టు బకిళ్లన్నీ బిగించాలంట. వెనక మనిషి రెండు వైపులా కాళ్లేసి కూర్చోవాలంట. ఈ బండికి బ్రేకు లేదు, కుడిచేతి మీటే ఎక్సలేటరు, అది వదిలేస్తే బండి తిరగదు కూడా అన్నాడు. చివర్న ఒక ఎర్ర తాడు చూపించాడు. "గిది చేతికి కట్టుకోవాలె. మీరు నీళ్లల్ల పడ్డరనుకో, తాడు ఊడొస్తది, ఇంజను బందైతది. చేత్తో గుంజినా బందైతది."

మా ఆవిడ నోట్సు రాసుకునేదానిలా వింటోంది. నేను "సరే సరే" అంటూ సెల్ఫీ దిగుతున్నాను. నా పొట్టకి జాకెట్టు కింది బకిలు అందలేదు, పోనీలే అనుకున్నాను. తాడు నా వాచీకి అడ్డమొస్తోందని, ఆయన అటు తిరగ్గానే తీసి హ్యాండిల్‌కి చుట్టేశాను.

"సైడుకి కూర్చోవే, రోజూ కూర్చునేట్టు" అన్నాను.

"ఆయన రెండు వైపులా అన్నాడుగా" అని చక్కగా కాళ్లేసి కూర్చుంది.

"నన్ను పట్టుకో."

"మీ జాకెట్టుకే పట్టు లేదు, మిమ్మల్నేం పట్టుకోను?" అని సీటుకున్న పట్టీ గట్టిగా పట్టుకుంది. నలుగురిలో పరువు తీసిందని నాకు ఒళ్లు మండింది. ఆ మంటంతా ఎక్సలేటరు మీద చూపించాను.

కాసేపు రాజాలా పోయాను. ఒడ్డునుంచి ఆయన అరుపు వినపడేసరికి ఎదురుగా రాళ్ల గట్టు కనపడింది. మీట వదిలేసి హ్యాండిల్ తిప్పాను. బండి తిరగలేదు, తిన్నగా రాళ్ల మీదికే పోతోంది. కుడికాలితో బ్రేకు కోసం తడిమాను. కాలికేం తగల్లేదు. ఇక మిగిలింది చేతి బ్రేకేనని కుడిచేతి మీట ప్రాణం పెట్టి నొక్కాను. ముప్పై ఏళ్ల అలవాటు మరి! బండి ఒక్క ఉరుకు ఉరికి పక్కకి మెలితిరిగింది. నేను నీళ్లలో ఉన్నాను.

జాకెట్టు పైకి లేచి చెవుల దాకా వచ్చింది. దాని సందులోంచి చూస్తే, మా ఆవిడ ఒక్కతే బండి మీదుంది. ఇంజను ఆగలేదు. ఆపాల్సిన తాడు హ్యాండిల్‌కి నేనే చుట్టాను కదా. బండి నెమ్మదిగా మళ్లీ రాళ్ల వైపే పోతోంది. ఆమెకి ఈత రాదు. నాకూ రాదు. అరుద్దామంటే నోట్లోకి నీళ్లు పోయాయి. నా జన్మలో అంత భయం ఎరగను. నా చేతులారా చంపుకున్నాననే అనుకున్నాను.

ఆమె ముందుకి వంగింది. హ్యాండిల్ దగ్గర ఎర్ర తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇంజను ఆగిపోయింది. రాళ్లకి రెండు బారల దూరంలో బండి ఊగుతూ నిలబడింది.

ఆయన పడవేసుకొచ్చి ముందు ఆమెని, తర్వాత నన్ను ఎక్కించుకున్నాడు. "అక్క మంచిగ విన్నది" అన్నాడంతే.

బట్టలు పిండుకుని మా బండి దగ్గరికొచ్చాం. తిడితే బాగుణ్ణనిపించింది. ఆమె ట్యాంకు మీదున్న హెల్మెట్టు కేసి చూసింది.

"ఏమండీ, ఇరవై ఏళ్ల నుంచి మీ వెనకే కూర్చుంటున్నాగా. నాకూ ఒక తల ఉందని ఎప్పుడన్నా తోచిందా?"

మా ఇంట్లో రెండో హెల్మెట్టు లేదు. కొనాలని ఒక్కనాడూ అనుకోలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాగర్ నీళ్లేలే అన్నట్టు మొహం తుడుచుకున్నాను. ఉన్న హెల్మెట్టు ఆమెకే ఇచ్చి, మాచర్ల దాకా బండి మెల్లగా నడిపాను. ఊళ్లో రోడ్డు పక్కన అమ్ముతుంటే ఇంకోటి కొని పెట్టుకున్నాను.

కిక్కు కొట్టబోతుంటే ఆమె వెనకనుంచి చెయ్యి చాపి, నా గడ్డం కింద పట్టీని ఒక్క గుంజు గుంజి చూసింది. ఊడిపోయింది. నేను బకిలు పెట్టలేదు.

దిగి ముందుకొచ్చి, బడిపిల్లాడికి బొత్తాం పెట్టినట్టు తనే పెట్టింది. తర్వాత తన పట్టీ కూడా ఒకసారి గుంజి చూసుకుని, వెనకెక్కింది.