చేపల నీళ్లు

జహనుమా బస్తీలో మా గల్లీకి నల్లా నీళ్లు వదిలే మనిషి మొగులయ్య. రోజు విడిచి రోజు పొద్దున్నే పొడుగాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని వచ్చి రోడ్డు మీది వాల్వు తిప్పేవాడు. నీళ్లు బాగాలేవని ఎవరైనా అంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. వాళ్ల నల్లా కిందే గ్లాసు పట్టి, వాళ్ల ముందే గటగటా తాగి, "ఏమైంది నాకు? సచ్చిన్నా?" అనేవాడు. ఆ తర్వాత ఇంకెవరు నోరెత్తుతారు?

అలాంటి మనిషి ఇంట్లో ఆర్వో ఫిల్టరు పెట్టించాడని తెలిసి గల్లీ అంతా నవ్వుకున్నాం. అది మనుషులకు కాదు. మనవరాలు మున్నీ ముచ్చట పడిందని డిస్కస్ అనే రంగు చేపలు తెచ్చాడు. ఉప్పదనం లేని నీళ్లయితేనే అవి బతుకుతాయట. ఫిల్టరు నీళ్లు వేరే డ్రమ్ములో పట్టి, ఆ డ్రమ్మును ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "గవి సప్పటి నీళ్లు, చేపలకే. మనుషులు తాగాల్సింది లైన్ నీళ్లు," అనేవాడు. కొడుకూ కోడలూ జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుంటూ, బడి దగ్గరని పిల్లను ఇక్కడే ఉంచారు.

మొన్నటి వానాకాలంలో మున్నీకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మొగులయ్యే పక్కన కూర్చుని, నల్లా నీళ్లలో ఓఆర్ఎస్ పొడి కలిపి చెంచాతో తాగించాడు. తగ్గలేదు సరికదా, పిల్ల కళ్లు లోపలికి పోయాయి. పెద్దాసుపత్రిలో చేర్చారు. సెలైన్ పెడుతూ డాక్టరమ్మ, పాప ఏ నీళ్లు తాగుతుందని అడిగింది.

"మా లైన్ నీళ్లే మేడమ్. నీళ్లకు ఢోకా లేదు. బయట పానీపూరీ తిన్నది," అని మొగులయ్య, తన భార్య లీలమ్మ వైపు ఉరిమి చూశాడు. ఆమె తల దించుకుంది. మున్నీ మాత్రం సన్నటి గొంతుతో, "తాతా, చేపలు గుడ్లు పెట్టినయ్. సచ్చిపోనియ్యకు," అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికి ఉరికాడు. పొద్దున ఆయనే తిప్పిన వాల్వు ఇంకా కట్టలేదు, గల్లీలో నీళ్లు వస్తున్నాయి. బయటి నీళ్లు పడవని, పిల్ల తాగడానికి నల్లా కింద ఒక సీసా నింపి, కబురు విని వచ్చిన కొడుకుతో ఆసుపత్రికి పంపించాడు. ఆ తర్వాత ఫిల్టరు ముందు కూర్చున్నాడు.

కొన్నాళ్లుగా దాన్నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. మోటారు చూశాడు, బాగానే ఉంది. పైపు ఎక్కడా మడత పడలేదు. మొదటి డబ్బా విప్పితే, తెల్లగా ఉండాల్సిన వడపోత క్యాండిల్ నల్లగా, జిగటగా చేతికి అంటింది. వాసన కూడా కొట్టింది. "నకిలీ మాల్ అంటగట్టిండు," అని కొట్టువాణ్ని తిట్టి కొత్తది బిగించాడు. ఇక మిగిలింది మెంబ్రేన్, ఉప్పును వడగట్టే పొర. క్లోరిన్ తగిలితే అది పాడైపోతుంది, చేపలకూ విషమే. డ్యూటీ సంచిలోంచి క్లోరిన్ పరీక్షించే మందు సీసా తీసి, గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి రెండు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగు తిరగాలి. తిరగలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఫిల్టరు ధారగా పోసింది. చేపల తొట్టిలో నీళ్లు మార్చి, ఆ రోజు మొదటిసారి నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే పక్కింటి ఖైసర్ బేగం గుమ్మంలోకి వచ్చింది. "మొగులన్నా, మా ఉజైర్‌కు గూడ వాంతులైతున్నయ్. వెనక గల్లీల ఇద్దరు పిల్లలకు గట్లనే ఉందంట. ఖుదా కే వాస్తే, నీళ్లు ఒకసారి చూడు అన్నా."

కసురుకోబోయి ఆగిపోయాడు. గాజు గొట్టం రంగు తిరగని నీళ్లతో ఇంకా ఫిల్టరు పక్కనే ఉంది. ఏ గల్లీలోనైనా నీళ్లు ఇలా రంగు తిరగకపోతే ముందు వాల్వు కట్టేసి, తర్వాత మాట్లాడే మనిషి ఆయన. పైపులో మురుగు కలిసి క్లోరిన్‌ను మింగేసిందని దానర్థం. కొత్తగా చేరినవాళ్లకు నేర్పిందీ ఆయనే. తన ఇంట్లో మాత్రం అదే తెల్లనీళ్లు చూసి చేపల కోసం సంతోషపడ్డాడు.

"ఓ అవ్వా!" అని అరుస్తూ రోడ్డు మీదికి ఉరికాడు. వాల్వు కట్టేశాడు. "నీళ్లు తాగకుండ్రి! పారబొయ్యుండ్రి!" అని ఇంటింటి తలుపూ బాదాడు. గల్లీ మలుపులో ఎవరో కొత్త ఇంటికోసం తవ్విన గుంతలో, పగిలిన నల్లా పైపు మీద డ్రైనేజీ నీళ్లు నిలిచి ఉన్నాయి. రోజూ ఆ గుంత పక్కనుంచే నడిచాడు. నేనూ నడిచాను, మేమంతా నడిచాం. కానీ చూడాల్సిన కన్ను ఆయనది.

ఆటో ఎక్కి ఆసుపత్రికి చేరేసరికి లీలమ్మ మొహం కాస్త తేటపడి ఉంది. "నువ్వు పంపిన సీసా మొత్తం తాగింది. పాపం, ఎంత దూపైందో," అంది.

ఆయన అక్కడే నేల మీద కూలబడి, డాక్టరమ్మకు, కొడుక్కు, వార్డులో ఉన్న అందరికీ వినపడేలా జరిగింది చెప్పాడు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మర్నాడు మున్నీ పోయింది. ఆ సీసాతోనే పోయిందని ఎవరూ అనలేదు, అప్పటికే పిల్ల ఒళ్లు పూర్తిగా ఎండిపోయిందన్నారు. ఆ మాట ఆయన చెవికెక్కిందో లేదో నాకు తెలియదు.

దినకర్మలు అయ్యాక కలుద్దామని వెళ్లాను. ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన మీద కోపంతోనే వెళ్లాను. లీలమ్మ ఆయన వైపు చూసి అంది.

"గా డ్రమ్ములకెల్లి బుక్కెడు నీళ్లు నా బిడ్డకు పోస్తే నీదేం పోతుండెనయ్యా?"