సైటున్నవాళ్ళ బస్సు

పోయిన వారం విజయనగరం కోట జంక్షన్లో రోడ్డు దాటడానికి నిలబడి ఉంటే, మెడలో టై కట్టుకున్న ఒకాయన నా చేతిలో రంగుల కాగితం ఒకటి పెట్టాడు. 'ఉచిత సైట్ విజిట్. ఏసీ బస్సు. భోజనం మా బాధ్యత' అని ఉంది. చదివి నవ్వాను. నవ్విన మనిషి కొంటాడనుకున్నాడో ఏమో, ఆయన నా వెంట పడ్డాడు. వదిలించుకోవడానికి నేను వెళ్ళాల్సిన దారి మానేసి వేరే వీధిలోకి తిరగాల్సి వచ్చింది. పాపం, ఆయనకేం తెలుసు, ఇలాంటి బస్సులెక్కి నేను ఒకప్పుడు విశాఖపట్నం నాలుగు మూలలా తిరిగానని, ఒక్క గజం స్థలం కూడా కొనలేదని. నన్ను అలా తిప్పిన మనిషి మా మేనత్త.

మా మేనత్తది నరసన్నపేట. మావయ్య పోయాక పచారీ కొట్టు ఆవిడే నడిపింది. మాట కరుకు, తూకం మాత్రం నిక్కచ్చి. చింతపండు పిక్కతీసి అమ్మే ఇళ్ళవాళ్ళ దగ్గర్నుంచి కళింగపట్నం వైపునుంచి ఉప్పుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళ దాకా అందరూ ఆవిడ కొట్టుకే వచ్చేవారు, ఆవిడ నోటికి జడిసేవారు. ఆవిడకి ఒళ్ళుమండే సంగతి ఒక్కటే. కొందరు వచ్చి సరుకంతా దింపించి, మినపప్పు నోట్లో వేసుకుని నమిలి, పసుపు వాసన చూసి, 'మళ్ళీ వస్తాం' అని చక్కా పోతారు చూడండి, వాళ్ళని వీధి మలుపు తిరిగేదాకా తిట్టేది. "కొనని నోటికి ఇన్ని రుసులెందుకో!" అనేది. ఆ తిట్టు నేను చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇప్పటికీ ఏ బట్టల కొట్లోనూ రెండు చొక్కాలకి మించి విప్పించను.

ఉత్తరాంధ్రని ఊపేసిన ఆ పెద్ద తుఫానుకి ముందు ఏడాది, ఆషాఢంలో, కొట్టు కొన్నాళ్ళు కొడుక్కి ఒప్పజెప్పించి అత్తని విశాఖపట్నం కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అంటారే, అది. ఎడమ కన్ను అప్పటికే పోయింది, అదీ ఆవిడ నిర్లక్ష్యం వల్లే. అప్పట్లో కొట్టు వదిలి రానంటే రానంది. కుడికన్నులో మిగిలిన చూపు నిలబెట్టడానికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. నిలవచ్చు, నిలవకపోనూ వచ్చు, ముందే చెప్తున్నాం అన్నాడు డాక్టరు. పెద్దమనిషి, దాచలేదు. అయితే షుగరు బాగా ఎక్కువుంది, అది దిగితేగాని కత్తి పట్టనన్నాడు. మందులిచ్చి ఐదు రోజులు ఊళ్ళోనే ఉండమన్నాడు. ఆస్పత్రికి రెండు వీధుల అవతల సత్రంలో గది తీసుకున్నాం. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు, కరెంటాఫీసులో గుమాస్తాని, సెలవులు లెక్కగా వాడుకునేవాణ్ణి. ఐదు రోజులు గోడలు చూస్తూ కూర్చోవడం ఎలాగా అని నేను సణుగుతుంటే అత్త మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అంది, "ఒరే, కన్ను ఉంటాదో పోతాదో ఆ డాక్టరుకే తెల్దు. ఉన్నప్పుడే నాలుగూ సూసీద్దాం. మీ మావ ఉన్నన్నాళ్ళూ పట్నం సూపిత్తానని సెప్పీవోడు. సరుక్కొచ్చినప్పుడల్లా ఒక్కడే వచ్చీవోడు." ఆ మాటతో నా సణుగుడు ఆగిపోయింది.

ఆస్పత్రి వాళ్ళకి ఉచిత బస్సు ఒకటి ఉండేది, రైల్వే స్టేషన్నుంచి రోగుల్ని తెచ్చి దింపేది. దానిలో వచ్చినందువల్ల, పట్నంలో ఉచిత బస్సులన్నీ ఆస్పత్రివేనని అత్త మనసులో పడిపోయింది. మర్నాడు పొద్దున్న టీ తాగడానికి మెయిన్ రోడ్డు మీదకి వచ్చాం. ఎదురుగా పెద్ద బస్సు ఆగి ఉంది. దానికి కట్టిన బేనరు మీద మూరెడేసి అక్షరాలతో 'ఉచిత సైట్ బస్సు' అని ఉంది. మూరెడు అక్షరాలు కాబట్టి అత్త చదవగలిగింది. మా వైపు కళ్ళజోడు పెట్టుకున్న ప్రతివాడికీ సైటుంది అంటారు, చత్వారమైనా అదే మాట, శుక్లమైనా అదే మాట. అత్త నా చెయ్యి వదిలేసి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. బస్సు తలుపు దగ్గర టై కట్టుకుని, చెమటతో తడిసిపోయి, యాభై ఏళ్ళ మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

"బాబూ, ఈ బస్సు సైటున్నోళ్ళకేనా?" అనడిగింది అత్త.

"లేనోళ్ళకీ ఉన్నాదమ్మా. ఉన్నోళ్ళైతే మరీ మంచిది. తమకున్నాదా?"

"ఎందుకు లేదూ! పదేళ్ళ బట్టీ ఉన్నాది. రెండేపులా ఉన్నాది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "రెండేపులానా! కాయితాలవీ సరిగ్గా ఉన్నాయా అమ్మా?"

"అన్నీ సంచీలోనే ఉన్నాయి. ఎవులడిగినా సూపించాలని మావోడు కూడా అట్టుకొచ్చినాడు. ఎడమేపుదైతే పూర్తిగా పోనాది నాయినా. కుడేపుది కూసింత మిగిలింది, దానికోసమే ఈ తిప్పలు."

"అయ్యయ్యో! ఆక్రమించీసినారేటమ్మా?"

"నీళ్ళు, నాయినా. నీళ్ళొచ్చి పోనాది."

"చెరువు పక్కన కొనీసినారన్నమాట," అని ఆయన జాలిగా తలూపి, అత్త చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళ సీసా చేతికిచ్చాడు. నేను టీ గ్లాసుతో రెండడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది. నవ్వు ఆపుకోవడంలో నోరు విప్పడం మర్చిపోయానని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను గానీ, నిజానికి ఆ సీట్లో అత్త కూర్చున్న తీరు చూసి దింపబుద్ధి కాలేదు. నేనూ ఎక్కేశాను.

బస్సు బీచి రోడ్డు పట్టింది. అత్త సముద్రం ఎరగనిది కాదు, కళింగపట్నం తీరంలో కార్తీక స్నానాలు చేసిన మనిషే. అయితే ఆ సముద్రం కాళ్ళ దగ్గర చూసింది, ఇది కొండ మీంచి. ఋషికొండ దాటాక ఒక మలుపులో నీళ్ళు ఒక్కసారిగా కిందకి పరుచుకున్నాయి, దూరంగా ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి. అత్త కుడికన్ను అద్దానికి ఆనించి, "ఆటిని ఎవులు కట్టీసినారు, అలగ కదలకుండా?" అంది. రేవులో చోటు దొరికేదాకా అలాగే ఆగుతాయని చెప్పాను. "రేషను క్యూ అన్నమాట," అంది తృప్తిగా. భీమిలి వచ్చేదాకా అద్దం మీంచి కన్ను తియ్యలేదు.

భీమిలి దాటి లోపలికి పోతే ఎర్రమట్టి బీడు, దాని ముందు రంగులేసిన పెద్ద ఆర్చీ, లోపల పసుపురంగు రాళ్ళు. షామియానా కింద భోజనాలు సిద్ధమవుతున్నాయి. టై కట్టుకున్నాయన అత్తని రాళ్ళ మధ్యకి తీసుకెళ్ళి, "ఇది తూర్పు ఫేసింగమ్మా, ఇది కార్నరు. తమకేది రాయమంటారు?" అన్నాడు. అత్త చుట్టూ చూసింది. "డాక్టరెక్కడ బాబూ?" అంది.

ఆ తర్వాత పావుగంట ఎలా గడిచిందో నేను సరిగ్గా చెప్పలేను, సిగ్గుతో సగం వినలేదు. బస్సులో వచ్చినవాళ్ళందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. అత్తా నవ్వలేదు. సంగతి అర్థమయ్యేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. షామియానా కింద కుర్చీలో కూర్చుని, విస్తరి వెయ్యబోతే వద్దంది. "సరుకు దింపించి కొనకండా పోయీవోళ్ళని జన్మంతా తిట్టినాన్రా. ఇయ్యాల నానే అలగైపోనాను. ఆ కూడు నాకొద్దు," అంది. బతిమాలాను. వినలేదు. షుగరు మందు వేసుకుని ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయి, అప్పుడు ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది. నాకు నిజంగా భయం వేసింది.

చివరికి ఆ టై ఆయనే విస్తరి తెచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనది సాలూరట. లారీ నడిపేవాడట, నడుము పోయాక అమ్మేసి ఈ పనిలోకి వచ్చాడట. "అమ్మా, ఒక మాట సెప్తాను. కాలీ బస్సులో వచ్చినోడు ఇంతవరకూ ఒక్కడూ కొన్లేదు. పక్కన నలుగురుంటేనే ఆడికి దైర్నం వస్తాది. నాకు బస్సు నిండాలి. తమరలగ ముందు సీట్లో కూకుంటే అదే నాకు సాయం," అన్నాడు. అత్త ఆలోచించింది. ఇది ఆవిడకి తెలిసిన విద్యే. బేరాల్లేని పూట దారిన పోయేవాళ్ళని పిలిచి కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది, జనం ఉంటేనే జనం వస్తారని. "అయితే నాను కూలికొచ్చినట్టే గదా?" అంది. "కూలికే అమ్మా," అన్నాడాయన. అత్త విస్తరి ముందుకు లాక్కుంది. జాంగ్రీ మాత్రం తీసి నా విస్తట్లో పడేసింది.

అంతే, మిగతా రోజులు మేమిద్దరం కూలికి వెళ్ళాం. ఒకరోజు ఆనందపురం వైపు, ఒకరోజు సబ్బవరం వైపు. సాలూరాయనే తన తోటివాళ్ళకి చెప్పి మాకు ముందు సీటు ఉంచేవాడు. దారిలో సింహాచలం కొండ, వంతెనలు, అద్దాల మేడలు అన్నీ అత్త చూసింది. తిన్న తిండికి న్యాయం చెయ్యాలని లేఅవుట్లలో పెద్ద గొంతుతో ప్రశ్నలడిగేది, రోడ్డెంత, కరెంటెప్పుడు అని. సబ్బవరం వైపు మాత్రం బోరునీళ్ళు దోసిట్లో పట్టి తాగి, "ఉప్పు!" అని అందరికీ వినబడేలా అంది. తూకం దగ్గర అబద్ధమాడని నోరు నీళ్ళ దగ్గర మాత్రం ఎలా ఆడుతుంది? ఆ రోజు మాకు భోజనం పెట్టినాయన ముఖం చూడలేకపోయాను.

ఐదో రోజు సాయంత్రం షుగరు దిగింది, రేపే ఆపరేషన్ అన్నారు. రేవు దగ్గరగా చూడాలని అత్త పట్టు. ఆషాఢం తగ్గింపుల పేరుతో ఒక బట్టల దుకాణం వాళ్ళు గాజువాకకి ఉచిత బస్సు వేశారు, అది హార్బరు పక్కనుంచే పోతుందని సాలూరాయన చెప్పాడు. ఎక్కాం. కాన్వెంటు జంక్షన్ దాటగానే క్రేన్లు, నల్లటి బొగ్గు గుట్టలు, ఓడ ఒకటి మేడంత ఎత్తున రోడ్డు పక్కనే ఉన్నట్టు కనిపించాయి. అత్త కాసేపు చూసింది. తర్వాత కిటికీ నుంచి ఇటు తిరిగి, నా గడ్డం పట్టుకుంది.

"ఇలగ తిరుగు. ఊరంతా సూసి నిన్ను సూడకపోతే ఏటి లాభం?"

"అత్తా, ఓడ వెళ్ళిపోతాది, అటు చూడు," అన్నాను.

"ఓడని సూసినాను. నువ్వు కదలకు." కుడికన్ను నా ముఖానికి జానెడు దూరంలో పెట్టి, కొట్లో పప్పు ఏరుతున్నంత శ్రద్ధగా చూసింది. "మీసం బాగున్నాది. మీ నాన్నకి ఇంత నల్లగా లేదు. ఈ సెంప మీద గాటేట్రా, గెడ్డం గీసుకోడం కూడా రాదేటి?" ఆ పొద్దున్నే కొత్త బ్లేడుతో కోసుకున్నాను. బస్సులో అందరూ చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గాజువాకలో దిగి అత్త ఒక జాకెట్టు ముక్క కొంది. ఆ బస్సువాళ్ళతో కూలి ఒప్పందం లేదు కదా అంది.

ఆపరేషన్ జరిగింది. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. చూపు నిలవలేదు. కొన్నాళ్ళు వెలుతురు తెలిసేది, కార్తీకం వచ్చేసరికి అదీ పోయింది. అత్త గుండె నిబ్బరంగా తట్టుకుందని రాస్తే బావుంటుంది గానీ, అబద్ధం. కొట్టు వెనక గదిలో తలుపేసుకుని మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు వచ్చి గద్దె మీద కూర్చుంది. తూకం కొడుక్కి ఇచ్చేసింది, సరుకు మంచీచెడ్డా మాత్రం ఇవాళ్టికీ వేళ్ళతో, ముక్కుతో ఆవిడే చెప్తుంది. తిట్లు కూడా ఆవిడవే.

ఇప్పుడు అత్తకి ఎనభై దాటాయి. నెలకోసారి నరసన్నపేట వెళ్ళి ఆ గద్దె పక్కన స్టూలు మీద కూర్చుంటాను. నా మీసం పూర్తిగా నెరిసింది, పై పన్ను ఒకటి పోయింది, మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి. ఇవన్నీ చెప్తే వింటుంది, నమ్మదు. మొన్న కొట్టుకి కొత్తగా వచ్చిన ఒక ముసలాయనకి నన్ను చూపిస్తూ, "మా మేనల్లుడు. నల్లటి మీసం, బాగుంటాడు. గెడ్డం గీసుకోడమే సేతకాదు, సూడు, సెంప మీద గాటు," అంది. ఆయన నా తెల్లమీసం వైపు, నున్నటి చెంప వైపు చూసి, నా కళ్ళలోకి చూసి, "అవునమ్మా, ఉన్నాది," అన్నాడు. నేను చెంప తడుముకున్నాను. మూడు రోజుల్లో మానిపోయిన గాటు అది. ఎన్నేళ్ళు గడిచినా అత్త దగ్గర మాత్రం పచ్చిగానే ఉంది, నేనింకా నలభై ఆరేళ్ళవాణ్ణే.