జానెడు కొసరు

మా అమ్మ పూలు కొలిచేది చేత్తోనే. బాగేపల్లి బస్టాండు బయట ఆమె పూలంగడి. అంగడంటే నాలుగు కొయ్యలు, పైన ఒక టార్పాలిన్, ముందర తడిగుడ్డ కప్పిన బుట్టలు. మల్లెదండ కొసను మోచేతి దగ్గర అదిమిపట్టి నడిమివేలి దాకా లాగితే ఒక మూర. అమ్మ అక్కడితో ఆగదు. ఇంకాస్త వదిలి అప్పుడు నార తెంపుతుంది. అదే కొసరు, మామూలుగా జానెడు. అది ఎవరికి ఎంతన్నది ఆమె ఇష్టం. కడుపుతో ఉన్నవాళ్లకు ఎక్కువ, పరీక్షకు పోయే పిల్లకు ఎక్కువ, గీచిగీచి బేరమాడేవాళ్లకు వేలెడు. నోరు తెరిచి కొసరు అడిగినవాళ్లకు అసలే లేదు.

ఇదంతా నాకు తెలుసు. ఆ బుట్టల పక్కనే కూర్చుని హోంవర్క్ రాసినదాన్ని, తెలియకపోవడమేమిటి? అయినా చేశాను.

పెళ్లయ్యాక నాది చింతామణి. ఇంట్లో జాకెట్లు కుడతాను. కుట్టిన ప్రతిదాన్నీ ఇరవై సెకన్ల వీడియో తీసి ఫోన్లో పెడతాను. వాటిని చూసి నాలుగు గిరాకీలు వచ్చేసరికి నా అంత తెలివైనది ఈ జిల్లాలోనే లేదనుకున్నాను. అమ్మ అంగడి పక్కన కొత్తగా ఇంకో రెండు పూలంగళ్లు వెలిశాయి. తెల్లవారకముందే చిక్కబళ్లాపురం మార్కెట్టుకు పోయి తెచ్చిన పూలు సాయంత్రానికి బుట్టలోనే వాడిపోతున్నాయని విన్నాను. అమ్మకూ అదే మందు వేద్దామని ఒక సంత రోజు ఫోను పట్టుకుని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పాతపాళ్యం ఆమె వచ్చి ఉంది. మాకు చుట్టం కాదు. సంత రోజు మొదటి బస్సుకు కరివేపాకు మూటతో దిగి, ముందు అమ్మ దగ్గర ఒక మూర మల్లెలు కొని తల్లో పెట్టుకుని, ఆ తర్వాతే సంతలోకి పోయేది. అమ్మ ఒకే ఒక్క బుట్టతో నేల మీద కూర్చున్న రోజుల నుంచీ సంత రోజు బోణీ ఆమెదే. ఆమె చేయి మంచిదని అమ్మ నమ్మకం. ఆమె కొనేదాకా ఇంకెవరికీ దండ తెంపేది కాదు. ఆమెకిచ్చే కొసరు జానెడు కాదు, దగ్గరదగ్గర ఇంకో మూర. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ నోటితో అనుకున్నది లేదు.

ఆ రోజు ఆమెకు కొలుస్తున్న అమ్మ చేతిని వీడియో తీశాను. మూర దాటి దండ ఇంకా ఇంకా జారుతుంటే ఎంత బాగుందో! మొహాలు రానీయలేదు, అదొక్కటీ మంచి పని చేశాను. మాది కర్ణాటక కాబట్టి కింద కన్నడలోనూ తెలుగులోనూ రాశాను: "మూర కొంటే ఇంత కొసరు ఫ్రీ. అందరికీ." ఆ 'అందరికీ' అన్న మాట రాయమని నాకు ఎవరు చెప్పారు?

చాలామంది చూశారు. "నా చెయ్యి అంతమంది చూసినారా?" అని అమ్మ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వింది. బుట్టలు మధ్యాహ్నానికే ఖాళీ కాసాగాయి. నాకు గర్వం నెత్తికెక్కింది.

రెండు వారాలకు అమ్మ ఫోన్ చేసింది. "పాపా, దాంట్లో ఏమని రాసినావు? వచ్చినోళ్లంతా ఫోను చూపిచ్చి, ఇంత ఇయ్యల్ల అని అడుగుతాండారు."

"ఇచ్చేయమ్మా. యాపారం బాగుండాది కదా, ఇంకేం కావాల?"

"ఇస్తానే ఉండాను," అంది. ఆ గొంతులో ఏదో ఉంది. నేను పట్టించుకోలేదు. చేతిలో జాకెట్టు ఉంది.

తర్వాత ఇంకో వీడియో కోసం మళ్లీ సంతకే, ముందు రోజు రాత్రే వెళ్లాను. పొద్దున్నే అంగడి ముందర అయిదారుగురు నిలబడి ఉన్నారు. అమ్మ దండ తెంపడం లేదు. "ఉండండమ్మా, బోణీ కానీండి, బస్సు వచ్చే టయిమయింది," అంటోంది. బస్సు వచ్చింది. పాతపాళ్యం ఆమె దిగి వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే మూర కొలిచి, ఎప్పటిలాగే వదిలింది. వెనక నిలబడినామె, మెడలో ఐడీ కార్డుంది, గట్టిగా అంది: "మమ్మల్ని ఇంతసేపు నిలబెట్టి ఆమెకు అంత ఇస్తావా? మొన్న నాకు దాంట్లో సగమే ఇస్తివి. అందరికీ అని మీరే ఏసినారు కదమ్మా. ఆమె ఏమన్నా ఎక్కువా?"

పాతపాళ్యం ఆమె చేతిలోని దండ చూసుకుంది. అమ్మను చూసింది. కొసరు ఎంతో అంత తానే తెంపి బుట్టలో పెట్టేసింది. "నాకు ఒక మూర చాలమ్మా. నా వల్ల నీకు మాటెందుకు?" అని మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. పూలు తల్లో పెట్టుకోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కూడా నా చేతిలో ఫోను నడుస్తూనే ఉంది.

ఆ తర్వాతి సంతకు ఆమె రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. కరివేపాకు మాత్రం సంత అవతలి కొసన అమ్ముతోందని, అటు వైపే దిగి పోతోందని ఎవరో చెప్పారట. వెళ్లి పిలవమన్నాను. "ఏ మొగం పెట్టుకోని పోయేది పాపా?" అంది అమ్మ. పోవలసింది నేను. ఈ రోజుకీ పోలేదు.

దానికి బదులు నేనేం చేశానో చెప్పాలి, సిగ్గయినా సరే. గొడవలు ఉండవని బట్టలంగడి వాళ్లు వాడే ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, మూరా జానెడూ కలిపి గీత గీయించి అమ్మకిచ్చాను. "ఇకమీద అందరికీ ఒకటే కొలత" అని ఇంకో వీడియో పెట్టాను. మొదటిదాన్ని తీసేశాను కానీ ఎవరెవరి ఫోన్లలోనో అది ఇంకా తిరుగుతూనే ఉంది.

మొన్న సంత రోజు మొదటి బస్సుకే నేను బాగేపల్లిలో దిగాను. అమ్మ బస్సు దిక్కే చూస్తూ ఉంది. దిగింది నేనని తెలిశాక కళ్లు కిందికి దించి బుట్ట మీది తడిగుడ్డ సర్దింది. పూలంగడి ముందర ఇంకెవరూ లేరు.

"బోణీ నువ్వే చెయ్యి పాపా," అంది.

మూర మల్లెలు ఇమ్మన్నాను. అమ్మ దండ తీసి, అలవాటు కొద్దీ కొసను మోచేతి దగ్గర పెట్టుకుంది. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న ఇనుప కడ్డీ అందుకుంది. గీత దాకా కొలిచి నార తెంపి, నా చేతిలో పెట్టింది.