బస్టాండు దాకా వాకింగు

మా ఆయనది రాయగడలో గుమాస్తా ఉద్యోగం. నేను గుణుపురం దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఒక వింత కోరిక కోరారు. ఆఫీసర్లు భార్యలతో సాయంత్రం వాకింగుకి వెళ్తున్నారు, మనమూ వెళ్దామని.

పట్టుచీర కట్టుకుని, అలవాటుగా కూరల సంచి కూడా తీసుకున్నాను. ఆయన లాక్కుని లోపల పెట్టేశారు. సంచి ఉంటే బజారుకు వెళ్తున్నట్టు ఉంటుందట. మరి ఎక్కడికి వెళ్తున్నట్టు ఉండాలో చెప్పలేదు. ఒట్టి చేతులు ఏం చేసుకోవాలో తెలియక పైట పట్టుకుని ఆయన వెనకే నడిచాను. పక్కన నడవమని ఆయన ఆగేవారు. ఆయన ఆగారని నేనూ ఆగేదాన్ని.

అలా బస్టాండు దాకా వెళ్లాం. గుణుపురం బస్సు బయల్దేరబోతోంది. కిటికీలోంచి మా ఊరి పెద్దమనిషి ఒకాయన చూసి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. ఎక్కడికీ కాదన్నాను. నిజమే చెప్పాను. అతను నా చీరనీ మా ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో బస్సు కదిలింది.

మర్నాడు మొదటి బస్సులో నాన్న దిగాడు. ఎప్పుడొచ్చినా చోళ్ల మూటో గుమ్మడికాయో మోసుకొచ్చే మనిషి, ఈసారి ఒట్టి చేతులతో వచ్చాడు. గుమ్మంలో నిలబడే అడిగాడు.

"నిజం సెప్పు అమ్మీ. నిన్ను మనింటికి పంపించీడానికి అల్లుడు బస్టాండుకి తీసుకెళ్లేడట గదా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక్కడ పని లేకపోయినా నడుస్తారని ఎంత చెప్పినా నాన్న బుర్రకెక్కలేదు. దాంతో ఆ సాయంత్రం మా ఆయన నాతోపాటు నాన్ననీ వెంటబెట్టుకుని బయల్దేరారు.

దారిలో పెద్ద ఆఫీసరూ భార్యా ఎదురయ్యారు. మా ఆయన నమస్కారం పెట్టారు. ఆఫీసరు తలూపాడు. ఆవిడ నా చీర అంచు చూసి వెళ్లిపోయింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది, ఇంక వెనక్కి పోదామన్నారు. ఆవిడ చూసినందుకు నాకూ లోపల సంతోషమే వేసింది. వెంటనే సిగ్గూ వేసింది.

మా ఆయన నాలుగడుగులు ముందుకు వెళ్లాక నాన్న నా పక్కకు వచ్చాడు.

"ఆళ్లకి కనబడ్డం అయిపోనాది. మరి నీకు బాగుందా అమ్మీ?"

బాగోలేదంటే ఆ పూటే నన్ను తీసుకుపోయేలా ఉన్నాడు. బాగుందంటే నాన్న ముఖం చూస్తూ చెప్పాలి, అది నా వల్ల కాదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, చీకటి పడిపోతోంది, నడువు నాన్నా అన్నాను.